వెలుతురు గడుల్లో అయస్కాంతం

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద నాలుగు మాటలు చెప్పమంటే 'బాగా చదువుకోండి' అని చెప్పి దిగిపోతున్నాము. ఆ మాట మీరు విని విని ఉన్నారు. ఈసారి అలా కాకుండా, చదువు ఒక ప్రశ్నను పట్టుకుంటే ఎంతదూరం పోతుందో ఒకే ఒక ఉదాహరణతో చెబుదామనుకున్నాము. విషయం పేరు కాస్త పెద్దది. పరమాణువులను బాగా చల్లార్చి, వెలుతురుతో కట్టిన జాలకంలో కూర్చోబెట్టి, వాటిలో అయస్కాంత క్రమం తెప్పించడం. ఈ పేరు వినగానే కార్యదర్శిగారు 'భోజనాలకు ముందు ఇది అవసరమా మాస్టారూ' అన్నారు. బిర్యానీ చల్లారేలోపు ముగిస్తామని మాట ఇచ్చాము.

అయస్కాంతం మనందరికీ తెలిసిందే. ఇనుమును పట్టుకుంటుంది, అంతే గదా అంటారు. కానీ అదే అయస్కాంతాన్ని కమ్మరి కొలిమిలో పెట్టి 770 డిగ్రీల సెంటీగ్రేడు దాటేట్టు కాల్చండి. దాని పట్టు పోతుంది. ఇనుము ఇనుముగానే ఉంది, కరగలేదు, కానీ అయస్కాంతం కాదు. ఎందుకని? ఇనుములో ప్రతి పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతమే. అవన్నీ ఒకే దిక్కు చూస్తే ముక్క మొత్తం అయస్కాంతమవుతుంది. వేడి అంటే కుదుపు. కుదుపు ఎక్కువైతే ఎవరి దిక్కు వారిది.

ఇక్కడ ఒక పొరపాటు దిద్దుకోవాలి. మేము కూడా చాలాకాలం ఇలాగే పాఠం చెప్పాము. పక్కపక్కన ఉన్న బుల్లి అయస్కాంతాలు ఒకదాన్నొకటి లాక్కొని వరసలో నిలబడతాయని. అది నిజం కాదు. ఆ లాగుడు ఎంత బలహీనమంటే, దాన్నే నమ్ముకుంటే ఇనుము కేవల శూన్యానికి ఒకటి రెండు డిగ్రీల పైన కూడా అయస్కాంతంగా నిలవదు. అసలు కారణాన్ని 1928లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హైసెన్‌బర్గ్ చెప్పాడు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి విద్యుత్తుతో తోసుకుంటాయి. పైగా ఒకే రకం 'స్పిన్' ఉన్న రెండు ఎలక్ట్రాన్లు ఒకే చోట ఇమడవు. ఈ రెండు నియమాలు కలిసి, పక్కవాడి స్పిన్ ఎటు ఉండాలో తేలుస్తాయి. అయస్కాంతత్వం పుట్టేది అక్కడ.

మరి ఆ రెండు నియమాలు కొన్ని పదార్థాలలో తలకిందులు తీర్పు ఇస్తాయి. పక్కవాడు నాలాగే కాదు, నాకు ఎదురుగా ఉండాలి అంటాయి. చదరంగం బల్ల గుర్తు తెచ్చుకోండి. నల్ల గడిలో పైకి, తెల్ల గడిలో కిందికి, మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. చక్కని క్రమం ఉంది. కానీ పైకి ఉన్నవీ కిందికి ఉన్నవీ సరిసమానం కాబట్టి బయటికి అయస్కాంతమే లేనట్టు ఉంటుంది. గుండుసూదిని కూడా లాగదు. ఫ్రాన్సు దేశస్థుడు లూయీ నేయెల్ 1930 దశకంలో ఇలాంటి పదార్థాలు ఉండి తీరాలని లెక్కగట్టి చెప్పాడు. కంటికి కనబడని క్రమాన్ని ఎవరు నమ్ముతారు? 1949లో అమెరికాలో షల్, స్మార్ట్ అనే ఇద్దరు మాంగనీసు ఆక్సైడు మీదికి న్యూట్రాన్లను వదిలి, అవి చెదిరిన తీరు చూసి ఆ పైకీ కిందికీ వరసను పట్టుకున్నారు. 1970లో నేయెల్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆనాటి ప్రసంగంలో ఆయనే, ఈ పదార్థాలు సిద్ధాంతానికి ఆసక్తికరమే గాని వీటికి ఉపయోగం ఉన్నట్టు లేదని అన్నాడు. కనిపెట్టినవాడే అంతమాట అనడం మాకు నచ్చింది. లేనిది ఉన్నట్టు చెప్పుకోలేదు.

అయితే పదహారేళ్ళు తిరిగేసరికి కథ మారింది. 1986లో స్విట్జర్లండులో బెడ్నోర్ట్స్, ముల్లర్ అనే ఇద్దరు రాగి, ఆక్సిజన్ కలిసిన ఒక పింగాణీ వంటి పదార్థంలో విద్యుత్తు ఏ అడ్డూ లేకుండా పారుతున్నదని కనుగొన్నారు. దీన్ని అతివాహకత అంటారు. మామూలు లోహాలకు ఇది కేవల శూన్యానికి బాగా దగ్గరలో వస్తుంది. వీరి పదార్థానికి అంతకంటే ఎంతో పైన వచ్చింది. మరుసటి ఏడే ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రతకు పైన పనిచేసే రకమూ దొరికింది. విచిత్రమేమిటంటే, ఈ పదార్థాల మూల రూపం నేయెల్ చెప్పిన చదరంగం బల్లే. పైకి, కిందికి, పైకి, కిందికి. దానిలోనుంచి కొన్ని ఎలక్ట్రాన్లు తీసేసి గడులు ఖాళీ చేస్తే అతివాహకం అవుతున్నది. ఎందుకు అవుతున్నది? నలభై ఏళ్ళయినా అందరూ ఒప్పుకునే జవాబు లేదు. కరెంటు తీగల్లో వృథా అయ్యే విద్యుత్తు ఎంతో మనకు తెలుసు. జవాబు దొరికితే లాభం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న రాయడం మాత్రం తేలికే. 1963లో ఇంగ్లండులో జాన్ హబ్బర్డ్ దాన్ని రెండు ముక్కల్లో రాసిపెట్టాడు. ఎలక్ట్రాను ఒక గడి నుంచి పక్క గడికి దూకగలదు. ఒకే గడిలో రెండు చేరితే మాత్రం జరిమానా కట్టాలి. ఇంతే ఆట నియమం. మన ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. లెక్క చేయబోతేనే నడుం విరుగుతుంది.

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు అని అడిగిన కథ మీకు తెలుసు. అల్ బెరూనీ వెయ్యేళ్ళ క్రితమే ఆ గింజల మొత్తం లెక్క కట్టిపెట్టాడు. అది ఒక లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లకు పైమాటే. ఏ రాజు గాదెలోనూ ఉండదు. ఇప్పుడు గింజలు వదిలేయండి. అరవై నాలుగు గడుల్లో ఒక్కొక్క స్పిన్ పెట్టండి, ప్రతిదీ పైకి గాని కిందికి గాని. ఎన్ని అమరికలు? ఆ గింజల లెక్క కంటే ఒక్కటే ఎక్కువ. క్వాంటం శాస్త్రంలో ఆ అమరికల్లో ఏదో ఒకటి పట్టుకుంటే చాలదు, అన్నిటినీ ఒకేసారి లెక్కలో ఉంచుకోవాలి. మూడు వందల గడులైతే కంటికందే విశ్వంలోని పరమాణువుల కంటే ఎక్కువ సంఖ్యలు రాసుకోవాలి. గడులన్నీ సరిగ్గా నిండుగా ఉన్నప్పుడు కంప్యూటర్లకు కొన్ని అడ్డదారులు ఉన్నాయి. ఖాళీ గడులు పెట్టేసరికి ఆ దారులూ మూసుకుపోతాయి. అతివాహకత వచ్చేదేమో ఖాళీలు పెట్టినప్పుడు!

1981లో అమెరికా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ప్రసంగంలో దీనికి ఉపాయం చెప్పాడు. ప్రకృతిని కాగితం మీద లెక్కకట్టలేకపోతే, ప్రకృతి నియమాలతోనే నడిచే మరో యంత్రం కట్టి దాన్ని అడగమన్నాడు. ఎలక్ట్రాన్లు స్ఫటికంలో ఆడే ఆటను, మనకు కనబడేంత పెద్దగా, మన చేతికి లొంగేంత నెమ్మదిగా, మరెవరిచేతనో ఆడించాలన్నమాట. ఆ మరెవరో పరమాణువులే.

పరమాణువులకు బల్ల ఎలా వేస్తారు? వెలుతురుతో. లేసర్ కిరణాన్ని అద్దం మీద కొట్టి వెనక్కి పంపితే పోయే అల, వచ్చే అల కలిసి ఒకచోట వెలుతురు, పక్కన చీకటి, మళ్ళీ వెలుతురు, ఇలా కదలకుండా నిలబడతాయి. సరైన రంగు లేసర్ ఎంచుకుంటే పరమాణువు వెలుతురున్న చోటికి జారి అక్కడే ఉంటుంది. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, పైనుంచి ఒకటి, మూడు కిరణాలు పెడితే గుడ్ల ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు గుంటలు. దీన్నే కాంతి జాలకం అంటున్నాము. గుంటకూ గుంటకూ మధ్య దూరం మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. మనకిది సూక్ష్మమే గాని, స్ఫటికంలోని దూరంతో పోలిస్తే వెయ్యి రెట్లకు పైగా పెద్దది. ఎలక్ట్రాను గడి దూకడం మన ఊహకు అందని వేగం. ఇక్కడ పరమాణువు దూకడానికి సెకనులో వెయ్యో వంతు అటూఇటూ పడుతుంది. లేసర్ పెంచితే గుంట లోతు పెరిగి దూకడం తగ్గుతుంది. నిజమైన రాగి ఆక్సైడులో ఇలా మర తిప్పినట్టు తిప్పగలమా?

ఇన్ని సుఖాలకు ఒక్క కష్టం ఉంది. ఆట నెమ్మది కాబట్టి అందులోని శక్తి కూడా స్వల్పం. కాస్త కుదుపు తగిలినా క్రమం చెదిరిపోతుంది. అంటే చల్లార్చాలి. ఎంత? కెల్విన్ డిగ్రీలో వంద కోట్లవ వంతును నానోకెల్విన్ అంటారు. ఆ లెక్కలో పదులో వందలో ఉండాలి. ఏ నక్షత్రమూ దగ్గరలేని శూన్యాకాశం కూడా 2.7 కెల్విన్‌ల దగ్గర ఉంటుంది. దానికంటే ఈ గాజుపెట్టెలో కోట్లరెట్లు చలి.

ఈ చలి కథ మన దేశంలోనే మొదలయిందని చెప్పుకోవచ్చు. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలను లెక్కించే కొత్త పద్ధతి రాసి ఐన్‌స్టైన్‌కు పంపాడు. ఐన్‌స్టైన్ స్వయంగా జర్మన్ భాషలోకి మార్చి అచ్చువేయించాడు. ఆ పద్ధతినే పరమాణువులకు వర్తింపజేసి, తగినంత చల్లార్చితే అవన్నీ ఒకే స్థితిలోకి దిగి ఒకటిగా ప్రవర్తిస్తాయన్నాడు. అది చేసి చూపడానికి 1995 దాకా పట్టింది. కార్నెల్, వైమన్ అనే ఇద్దరు అమెరికాలోని బౌల్డర్‌లో సుమారు రెండువేల రుబీడియం పరమాణువులను 170 నానోకెల్విన్‌ల దగ్గర అలా దింపారు. పద్ధతిలో సగం లేసర్‌ది. ఎదురొచ్చే కాంతి పరమాణువును నెట్టి నెమ్మది చేస్తుంది. మిగతా సగం మనం రోజూ చేసేదే. వేడి చాయ్ సాసర్లో పోసి ఊదుతాము గదా? చురుకైన అణువులు ఆవిరిగా లేచిపోతాయి, మిగిలినవి చల్లబడతాయి. వీరూ అంతే, వేడి పరమాణువులను బయటికి పోనిచ్చి, మందకొడివాటిని ఉంచుకున్నారు.

కానీ రుబీడియంలోని ఆ రకం పరమాణువులు బోస్ లెక్కకు లొంగేవి, ఎందరైనా ఒకే గదిలో ఇమిడిపోయే రకం. ఎలక్ట్రాన్లు అలా కాదు. వాటికి బదులు ఆడాలంటే ఇమడనంటే ఇమడని రకం పరమాణువులు కావాలి. అలాంటి పొటాషియం పరమాణువులను 1999లో డెబొరా జిన్ తన శిష్యుడు డిమార్కోతో కలిసి మొదటిసారి ఆ స్థితికి చల్లార్చింది. ఈ రంగమంతా ఆమె వేసిన దారిమీద నడిచింది. 2016లో 47 ఏళ్ళకే కన్నుమూసింది. మన ఆడపిల్లల్లో ఫిజిక్సు తీసుకున్నవాళ్ళు ఇక్కడ ముగ్గురు కనబడుతున్నారు, వారికోసం ఈ పేరు రెండుసార్లు చెబుతున్నాము. డెబొరా జిన్.

2002లో జర్మనీలోని మ్యూనిక్‌లో గ్రైనర్, బ్లోక్ మొదలైనవారు రుబీడియం పరమాణువులను కాంతి గుంటల్లో ఒక్కొక్కటిగా కూర్చోబెట్టి, లేసర్ తగ్గిస్తే మళ్ళీ పారేట్టు చేశారు. బల్ల సిద్ధమయింది. ఇంకేముంది, రేపో మాపో చదరంగం క్రమం కనబడుతుందనుకున్నారు. పదేళ్ళు గడిచినా కనబడలేదు.

ఎందుకని? అసలు మెలిక ఇక్కడ ఉంది, కాస్త ఓపికపట్టండి. పక్కపక్క గుంటల్లో ఒకడు పైకి, ఒకడు కిందికి ఉన్నారనుకోండి. (పైకి, కిందికి అంటే ఇక్కడ పరమాణువు లోపలి రెండు స్థితులకు పెట్టుకున్న పేర్లు.) మొదటివాడు క్షణంపాటు పక్కింట్లో అడుగుపెట్టి తిరిగిరాగలడు. ఆ చిన్న స్వేచ్ఛవల్ల ఇద్దరి శక్తీ కొంచెం తగ్గుతుంది. ఇద్దరూ పైకే ఉంటే పక్కింటి తలుపు మూసే ఉంటుంది, అడుగు పెట్టనివ్వదు. కాబట్టి ఎదురెదురుగా ఉండడమే లాభం. అయితే ఆ లాభం కాణీ ఎత్తు. ఆ కాణీని కాజేయడానికి ఏమాత్రం కల్లోలం మిగిలినా చాలు. పైగా ఈ కల్లోలాన్ని, అంటే ఎంట్రోపీని, మాయం చేయడం ఎవరివల్లా కాదు. ఒకచోట తగ్గిస్తే మరోచోట పెరగాల్సిందే. పరమాణువులను గుంటల్లోకి ఎంత మెల్లగా దింపినా వాటితోపాటు వాటి కల్లోలమూ గుంటల్లోకి దిగింది.

పెళ్ళి ఇల్లు చూడండి. చుట్టాల పెట్టెలూ పరుపులూ ఇంటినిండా ఉంటాయి. పెళ్ళికూతురికి ఒక్క గది సర్దాలంటే ఆ సామాను పారేయలేము. వరండాలోకి నెడతాము. వరండా చూడబుద్ధి కాదు, గది మాత్రం అద్దంలా ఉంటుంది. శాస్త్రజ్ఞులూ చివరికి అదే చేశారు.

ముందు చిన్న విజయాలు వచ్చాయి. 2013లో జ్యూరిక్‌లో ఎస్లింగర్ బృందం పక్కపక్క పరమాణువుల మధ్య మాత్రం ఎదురెదురు పొత్తు కనిపెట్టింది. 2015లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో హ్యూలెట్ బృందం లిథియం పరమాణువులతో ఇంకొంత ముందుకు పోయింది. 1949లో న్యూట్రాన్లు చేసిన పనిని వీరు వెలుతురుతో చేశారు. చెదిరిన కాంతిలో చదరంగం జాడ కనబడింది. అప్పటికీ వారి ఉష్ణోగ్రత అసలు క్రమం రావలసిన స్థాయికి సుమారు ఒకటిన్నర రెట్లు పైనే ఉంది. ఇంటి గుమ్మం దాకా వచ్చారు, లోపలికి పోలేదు.

గుమ్మం దాటినది 2017లో. మ్యూనిక్‌లో బల్ల వేసిన గ్రైనరే అప్పటికి హార్వర్డులో ఉన్నాడు. ఒక్కొక్క పరమాణువునూ విడివిడిగా చూపే సూక్ష్మదర్శినిని 2009లోనే తయారు చేసుకున్నాడు. ఈసారి అతని బృందం వేలకొద్దీ బుల్లి అద్దాలున్న పలకతో వెలుతురును కావలసిన ఆకారంలో మలిచింది. నడుమ సుమారు ఎనభై గడుల గుండ్రని బల్ల. చుట్టూ పలచగా, పరమాణువులు ఇష్టం వచ్చినట్టు తిరిగే వరండా. నడిమి బల్లలోని కల్లోలం ఆ వరండాలోకి పోయింది. అప్పుడు తీసిన చిత్రాలలో ఒక రకం స్పిన్‌ను కాంతితో తోసేసి మిగిలినవాటిని చూస్తే ఉన్నది, లేదు, ఉన్నది, లేదు అని చదరంగం గడులు వరసగా కనబడ్డాయి. ఆ క్రమం ఒక అంచు నుంచి మరో అంచు దాకా పోయింది. నేయెల్ కాగితం మీద చూసినదాన్ని, న్యూట్రాన్ల చెదురులో ఊహించినదాన్ని, ఒక్కొక్క గడీ లెక్కపెట్టి చూడగలగడం మాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఎనభై గడులు చిన్న బల్లే గదా అనవచ్చు. 2024లో చైనాలోని శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో సుమారు ఎనిమిది లక్షల గడుల మూడు కొలతల జాలకం కట్టారు. గడులన్నీ ఒకేలా ఉండేట్టు సమతలంగా చేయడమే వారి నేర్పు. చల్లారుస్తూ పోగా ఒక స్థాయి దగ్గర చదరంగం క్రమం ఒక్కసారిగా ఎగసింది. సిద్ధాంతం చెప్పిన తీరులోనే ఎగసింది.

ఇంతవరకు చెప్పింది నిండు బల్ల. ఖాళీ గడుల పని అంతకుముందే మొదలయింది. 2019లో మ్యూనిక్‌వారు ఒక అదనపు పరమాణువు చుట్టూ క్రమం ఎలా చెదురుతుందో చిత్రం తీశారు. పరమాణువు ఒంటరిగా కదలదు, చుట్టుపక్కల చెదిరిన స్పిన్ల గుంపును వెంటబెట్టుకొని ఉంటుంది. ఇలాంటివి రెండు జతకట్టి అతివాహకత తెస్తాయా అన్నదే అసలు ప్రశ్న. పత్రికల్లో అప్పుడప్పుడు, రేపే మామూలు గది వేడిలో పనిచేసే అతివాహకం వస్తుందన్నట్టు రాస్తారు. ఆ రాతలు మాకు గిట్టవు. ఈ ప్రయోగాలు పదార్థాన్ని తయారుచేయవు, ఏ నియమం ఏ ఫలితం ఇస్తుందో తేలుస్తాయి. హబ్బర్డ్ రాసిన రెండు నియమాలు చాలవని తేలినా అదీ జవాబే.

ప్రసంగం అయ్యాక ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె లేచి, 'మాస్టారూ, ఫోటో తీశాక ఆ బల్ల ఏమవుతుంది?' అని అడిగింది. మేము చెప్పడం మరిచిన విషయం అదే. ఏమీ మిగలదమ్మా. ఫోటో తీయడానికి వేసే వెలుతురే ఆ క్రమాన్ని చెరిపేస్తుంది. పరమాణువులను మళ్ళీ పట్టాలి, మళ్ళీ చల్లార్చాలి, మళ్ళీ గుంటల్లో దింపాలి. ప్రతి ఫోటోకూ మొదటినుంచి పని. అలా వందలు, వేలు తీసి, అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు.